అమ్మమ్మ గొంతు

మొన్న హన్మకొండలో మా డాబా మీద నేనూ, మా కోడలూ ఆరిన దుప్పట్లు మడత పెడుతుంటే గాలి లేచింది. "అత్తమ్మా, గట్టిగా పట్టుకోండి, రెమెడియోస్ లాగా ఎగిరిపోతారు!" అంది నవ్వుతూ. ఎవరమ్మా ఆమె అంటే, 1967లో అచ్చయిన మార్క్వెజ్ 'వందేళ్ల ఏకాంతం' నవలలో అందగత్తె అట. దుప్పట్లతో పాటే ఆకాశానికి వెళ్లిపోయిందట!

ఆ నవలను సినిమా తీస్తామంటే బతికున్నన్నాళ్లూ ఆయన ఒప్పుకోలేదు. ఆయన 2014లో పోయారు. స్పానిష్ భాషలోనే, వాళ్ల కొలంబియాలోనే, సీరియల్‌గా తీస్తామన్నాకే కుటుంబం సరేనంది. 2024 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో మొదటి 8 భాగాలు వచ్చాయి.

భాష మీద అంత పట్టుదల ఎందుకంటారా? చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ ఎంత వింతనైనా మామూలు సంగతిలా చెప్పేదట. ఆ చెప్పే తీరులోనే నవల రాశానన్నారాయన. అమ్మమ్మ గొంతు పరాయి భాషలో పలుకుతుందా?

మన సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' శ్యామ్ బెనెగల్ 1990లలో దూరదర్శన్‌కు తీశారు. దేశమంతా చూసింది, సంతోషమే. కానీ మన కృష్ణ ఒడ్డు మనుషులు హిందీలో మాట్లాడారు! ఆ కొరత నాకింకా తీరలేదు.

అందుకే ఒక చిన్న పని చేద్దాం. మీ ఇంట్లో పెద్దావిడ చెప్పే కథ ఒక్కటి పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి. మా ఓరుగల్లు అమ్మమ్మలు 'గట్ల', 'గిట్ల' అంటే అట్లాగే రాయనివ్వండి, దిద్దకండి. రేపు ఎవరైనా సీరియల్ తీస్తే తీయనీ, తీయకపోతే పోనీ. ఆ గొంతు మాత్రం ఇంట్లో ఉంటుంది. ఏమంటారు?