వలస లెక్కలు – మన పిల్లల తెలుగు

"పిల్లవాడు విదేశానికి పోవలసినవాడు, తెలుగెందుకండీ?" మా ధర్మపురిలో తల్లిదండ్రులు తరచు అడిగే ప్రశ్న ఇది. రేపటి వలసను నేడే లెక్కించగలమా?

ఆర్థికవేత్తలు వేతనాల తేడా, దూరం, అక్కడ స్థిరపడిన స్వజనుల సంఖ్య వంటివి చూసి అంచనా కడతారు. ఐరోపా సమాఖ్యలో చేరనున్న దేశాల నుండి ఏటా నికరంగా 5,000 నుండి 13,000 మంది వస్తారని 2003లో బ్రిటన్ ప్రభుత్వం కోరిన అధ్యయనం చెప్పింది. 2004లో సమాఖ్య విస్తరించగా, కొన్నేళ్లలోనే వచ్చినవారు లక్షలకు చేరారు. జర్మనీ తన ద్వారాలను వెంటనే తెరవకపోవడం అందుకొక కారణం.

పండితుల లెక్కే తప్పినప్పుడు, ఆరేళ్ల బిడ్డ భవిష్యత్తును ఊహించి మాతృభాషను మాన్పించడం న్యాయమా? 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయింది, ఆంగ్లం అవసరం. పరాయిగడ్డపై మొదట ఆదుకునేది స్వజనులే. వారిని కలిపేది తెలుగే. దానిని విడువకండి.