వకీలు చేతిలో సెక్షను ఉండాలి

పేటెంటు వకీలుతో కూలీనాలీ జనానికి ఏం పని అనుకుంటాం. గింజ మీద కూడా పేటెంటు పుట్టాక ఆ వకీలు రైతు గడపకూ వచ్చాడు. కంపెనీ తరపున దావా వేసేవాడు ఒకడు, రైతు తరపున నిలబడేవాడు ఒకడు.

అమెరికాలో ఇండియానా రాష్ట్రపు సోయా రైతు బౌమన్ సంగతి చూడండి. రెండో పంటకు గోదాములో మామూలు గింజలు కొని విత్తాడు. కలుపుమందు కొట్టాడు. బతికిన మొక్కల గింజ దాచి మళ్ళీ వేశాడు. ఆ గుణానికి పేటెంటు మాదంటూ 2007లో మోన్‌శాంటో దావా వేసింది. కోర్టు 84,456 డాలర్లు కట్టమంది. మొదట బౌమన్ వకీలు లేకుండా తనే వాదించుకున్నాడు. తర్వాత సియాటిల్ పేటెంటు వకీలు మార్క్ వాల్టర్స్ ఫీజు లేకుండా కేసు చేపట్టి సుప్రీంకోర్టుదాకా వెళ్ళాడు.

ఆయన వాదన ఒకటే: ఒకసారి అమ్మిన సరుకు మీద పేటెంటుదారు హక్కు తీరిపోతుంది. 2013 మే 13న తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా కాదన్నారు. గింజ తినొచ్చు, అమ్మొచ్చు. విత్తితే మాత్రం కొత్త నకళ్ళు తయారుచేసినట్టేనట! వాల్టర్స్‌కు తెలివి చాలకనా? కాదు. రైతును కాపాడే చట్టం ఆయన చేతిలో లేదు.

ఇప్పుడు గుజరాత్ చూడండి. మన పేటెంట్ల చట్టం 3(జె) విత్తనాలకు పేటెంటు ఇవ్వనివ్వదు. అందుకని పెప్సీ కంపెనీ 2001 నాటి వంగడాల చట్టం కింద ఆలుగడ్డ రకాన్ని రిజిస్టరు చేయించుకుంది. 2019 ఏప్రిల్‌లో ఆ రకం పండించారని నలుగురు చిన్న రైతుల మీద తలా కోటి రూపాయలకు పైగా దావా వేసింది. రైతుల వకీలు ఆనంద్ యాజ్ఞిక్ చేతిలో 39వ సెక్షను ఉంది. బ్రాండు పేరుతో అమ్మనంతవరకు రైతు విత్తనం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అంటుందది. బయట రైతు సంఘాలు కదిలాయి. మే నెలలోనే కంపెనీ కేసులు వెనక్కి తీసుకుంది.

వకీలు చేవ ఒక్కటే గెలిపించదు. ఆ సెక్షను దానంతటది పుట్టలేదు, విత్తన హక్కు కోసం జనం ఒత్తిడి తెస్తే వచ్చింది. పోరు ముగియలేదు కూడా. ఆ ఆలుగడ్డ రిజిస్ట్రేషను 2021 డిసెంబరులో రద్దయితే, 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి ఆ రద్దును కొట్టేసింది.

ఒక మాట గుర్తుంచుకోండి. ఈ చట్టంలో రైతంటే పట్టాదారు ఒక్కడే కాదు, స్వయంగా సాగుచేసే ఎవరైనా రైతే. కౌలుదారుకూ ఈ హక్కుంది. కంపెనీ నోటీసు వస్తే బెదిరి సంతకం పెట్టొద్దు. కాగితం పట్టుకుని సంఘం దగ్గరికి రండి. సెక్షనును మనం నిలబెట్టుకుంటేనే రేపు మన వకీలు కోర్టులో నిలబడగలడు.