శాంతి బహుమతి: ఆశకు ఇచ్చిన అప్పు

ఏటా అక్టోబర్ నెల రాగానే నోబెల్ బహుమతుల వార్తలు వస్తాయి. జుమా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతుంటే ఎవరో ఒకరు తప్పక అడుగుతారు: "మౌల్వీ సాబ్, ఈసారి మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" ఉంటే ముబారక్‌లు. లేకపోతే "అంతా రాజకీయం" అన్న నిట్టూర్పు. ఈ రెండూ తొందరపాటు తీర్పులే.

విజ్ఞానశాస్త్ర బహుమతులనూ, శాంతి బహుమతినీ ఒకే గాటన కట్టరాదు. భౌతిక, రసాయన శాస్త్రాల విజేతలను స్వీడన్‌లోని రాయల్ అకాడమీ ఎంపిక చేస్తుంది. అది ఋజువు కోసం ఆగుతుంది. పాకిస్తాన్‌కు చెందిన అబ్దుస్ సలాం 1960లలో చెప్పిన సిద్ధాంతానికి 1973లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో గట్టి ఆధారం దొరికింది. మరో ఇద్దరితో కలిపి ఆయనకు బహుమతి దక్కింది 1979లో.

శాంతి బహుమతి సంగతి వేరు. దాన్ని నిర్ణయించేది నార్వే పార్లమెంటు నియమించే ఐదుగురు సభ్యుల కమిటీ. జరిగిన మేలుకే కాదు, జరుగుతుందన్న ఆశకు కూడా ఆ కమిటీ బహుమతి ఇస్తుంది. 1973లో వియత్నాం ఒప్పందానికి కిసింజర్‌తోపాటు లె డక్ థోను ఎంపిక చేస్తే, శాంతి ఇంకా రాలేదని థో తిరస్కరించారు. 1994లో అరాఫత్, రబిన్, పెరెస్‌లకు ఇచ్చారు. మరుసటి ఏడే రబిన్ హత్యకు గురయ్యారు. పాలస్తీనాకు ఆ శాంతి నేటికీ అందలేదు.

మన మనసును మరింత కలచివేసేది ఆంగ్ సాన్ సూకీ ఉదంతం. 1991లో ఆమె గృహనిర్బంధంలో ఉండగా బహుమతి ప్రకటించారు. సైనిక నియంతృత్వాన్ని ఎదిరించిన ఆమెకు ఆనాడు అది తగిన గౌరవమే. కానీ 2017లో సైన్యం దాడులకు 7 లక్షలమందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయినప్పుడు ప్రభుత్వంలో ఉన్నది ఆమే. 2019లో హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానంలో నిలబడి తన దేశాన్ని సమర్థించింది కూడా ఆమే. బహుమతి వెనక్కి తీసుకోవాలని ఎందరో కోరారు. నిబంధనలు ఒప్పుకోవన్నారు. 2021లో అదే సైన్యం ఆమెను మళ్ళీ నిర్బంధించింది.

మన హైదరాబాద్ బాలాపూర్‌లో తలదాచుకున్న రోహింగ్యా కుటుంబాలకు ఆ పతకం ఏం చెబుతుంది? అది ఒకనాటి పనికి దక్కిన గౌరవమే తప్ప, జీవితాంతం చెల్లే సనదు కాదు.

ఇక మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. మనవాడికి వస్తే న్యాయం, ఇతరులకు వస్తే కుట్ర అనడం ఇన్సాఫ్ అవుతుందా? సాక్ష్యం తనవారికి వ్యతిరేకంగా ఉన్నా న్యాయం వైపే నిలవమన్నది దివ్య ఖుర్ఆన్ బోధ. కనుక మన పిల్లలకు విజేతల పేర్లు వల్లె వేయించడంతో సరిపెట్టవద్దు. బహుమతికి ముందు ఆ మనిషి ఏం చేశాడు, తరువాత ఏం చేశాడు అని అడగడం నేర్పుదాం.