నల్ల డబ్బా కొనకండి, నలుపు మీరే వేసుకోండి

వ్యవసాయం గురించి రాసేవాడికి బీరు గోల ఎందుకని కొందరికి కోపం రావచ్చు. బార్లీ పంటే కదా. పంటని డబ్బాలో పెట్టి, లోపల ఏముందో చెప్పకుండా రంగు పేరుతో అమ్ముతుంటే రైతుకి మండదా? ముందే ఒక మాట చెప్తున్నా. ఇది ఇంగ్లాండులో, అమెరికాలో ఉన్న మన పిల్లల కోసం. ఇంట్లోకి బీరు కాచుకోడానికి ఇంగ్లాండులో 1963లోనే లైసెన్సు తీసేశారు. అమెరికాలో 1978లో కేంద్ర చట్టం మార్చారు. మన దగ్గర లైసెన్సు లేకుండా కాస్తే కేసే. ఇక్కడెవరూ మొదలెట్టకండి.

టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడు స్టౌట్ చేద్దామని షాపుకెళ్తే, "డార్క్" అని రాసున్న మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ డబ్బా ఒకటి, కిలో పంచదార ఒకటి చేతిలో పెట్టారట. నల్ల బీరుకి నల్ల డబ్బా. సుళువైన లెక్కే. కానీ తప్పు లెక్క.

ఎక్స్‌ట్రాక్ట్ అంటే బ్రహ్మవిద్య కాదు. మన ఆడవాళ్లు చోళ్లు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి మాల్ట్ చేస్తారు కదా, బార్లీని కూడా అలాగే మొలకెత్తిస్తారు. వేడినీళ్లలో కలిపితే అందులో పిండి చక్కెరగా మారుతుంది. ఆ రసాన్ని చిక్కబెడితే ఎక్స్‌ట్రాక్ట్. చెరకు రసం పాకం పట్టినట్టే.

మరి డార్క్ డబ్బాలో నలుపు ఎక్కడిది? లేత మాల్ట్‌లో కొంత క్రిస్టల్ మాల్ట్, కొంత మాడ్చిన మాల్ట్ కలిపి తీసిన రసం అది. ఏది ఎంత కలిపారు? కొన్ని కంపెనీలు చెప్తాయి, సంతోషం. చాలా డబ్బాల మీద ఆ ఊసే ఉండదు. యూరియా బస్తా మీద కూడా నత్రజని ఎంతో రాసి ఉంటుంది కదయ్యా! పైగా ఒక కంపెనీ డార్క్‌కీ ఇంకో కంపెనీ డార్క్‌కీ పోలికుండదు. ఈసారి బాగా కుదిరినా, ఎందుకు కుదిరిందో మీకు తెలీదు.

రంగు చూసి సరుకు కొనేవాళ్ల సంగతి అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్లని అడగండి. దిమ్మ తెల్లగా మెరవకపోతే ధర తెగ్గొడతారు. అందుకే పాకంలో హైడ్రోస్ పడుతుంది. తినేవాడికి దానివల్ల ఒరిగేదేంటి? అక్కడ తెలుపు పిచ్చి, ఇక్కడ నలుపు పిచ్చి.

నల్లగా ఉంటే గట్టి బీరు అనుకోవడం ఇంకో భ్రమ. గిన్నిస్ డ్రాఫ్ట్ 4.2 శాతమే. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన మాల్ట్‌ని డ్రమ్ములో వేయించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్నుంచీ ఇంగ్లాండు పోర్టర్‌కి బలం లేత మాల్ట్‌తో, రంగు గుప్పెడు మాడు గింజతో. ఇద్దరు మనుషులు, రెండు పనులు. డార్క్ డబ్బా వాళ్లిద్దర్నీ ఒకే సంచిలో కుక్కేస్తుంది.

కాబట్టి 19 లీటర్లకి లేత రంగు ఎక్స్‌ట్రాక్ట్ పొడి రెండున్నర కిలోలు తీసుకోండి. ద్రవమైతే మూడు కిలోలు, ఎందుకంటే అందులో ఐదో వంతు నీళ్లే. నన్నడిగితే పొడే మేలు. ద్రవం డబ్బాలో ఉండగానే ఏడాది తిరిగేసరికి తనంతట తానే నల్లబడి, పాతవాసన పడుతుంది. ప్యాకింగ్ తేదీ చూడకుండా ముట్టుకోవద్దు.

నలుపుకి వేయించిన బార్లీ 350 గ్రాములు చాలు. ఇది మొలకెత్తించని గింజ, కాఫీ గింజలా ఉంటుంది. కాస్త తీపికి క్రిస్టల్ మాల్ట్ 250 గ్రాములు. రెండూ రవ్వలా పగలాలి, పిండి కాకూడదు. పల్చటి గుడ్డలో మూటగట్టి 65 నుంచి 70 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి, మరిగేలోపే తీసెయ్యండి. మరిగితే పొట్టులో వగరంతా దిగుతుంది. తర్వాత పొయ్యి ఆపి ఎక్స్‌ట్రాక్ట్ కలపండి. బెల్లం పెనం దగ్గర నిలబడినవాడికి అడుగంటడం అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ హాప్స్ 45 గ్రాములు వేసి గంట మరగనివ్వండి. పూర్తిగా చల్లారాకే ఈస్టు.

మాడు రుచి ఎక్కువైందనుకోండి, వచ్చేసారి వేయించిన బార్లీ 50 గ్రాములు తగ్గిస్తారు. డార్క్ డబ్బాలోంచి ఏం తగ్గిస్తారు? అరగంట ఆదా అవుతుందంటారు షాపువాళ్లు. నెల రోజులు ఆగి తాగే బీరుకి అరగంట ఒక లెక్కా?

పంచదార కిలో వెనక్కి ఇచ్చెయ్యండి. అది మత్తు పెంచుతుంది, బీరుని నీళ్లలా పల్చన చేస్తుంది. బెల్లం వెయ్యొచ్చా అని ఎలాగూ అడుగుతారు. వెయ్యండి, 200 గ్రాములు దాటకుండా. అదీ ఇండియన్ షాపులో తెల్లగా మెరిసేది కాదు, హైడ్రోస్ తగలని ముదురు దిమ్మ దొరికితేనే.