కారుకు దెబ్బ తగిలితే కాగితాలు ఎవరి చేతిలో?

కారు ఎక్కడైనా తగిలిందంటే "ఆయన చూసుకుంటారులే" అని ఊరుకునే వీలు మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్ళలో అందరికీ లేదు. ఆయన దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటారు. కారు ఆయన పేరు మీద, తాళంచెవి మీ దగ్గర. పిల్లల్ని బడిలో దింపాలన్నా, అత్తగారిని కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా మీరే. అందుకని ఈ వారం పచ్చళ్ళూ పొడులూ పక్కన పెట్టి ఈ లెక్క చూద్దాం.

మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి సంగతి మీకు చెప్పాలా! కోతల కాలంలో మన రోడ్ల మీద వడ్లు, మక్కలు ఆరబోసి ఉంటాయి. పొద్దుగూకితే వెనక దీపం లేని ట్రాక్టర్లు. ఎంత నిదానంగా నడిపినా ఎదుటివాడి తప్పుకు మనం దొరికిపోతాం.

మనిషికి దెబ్బ తగిలితే కారు సంగతి తర్వాత. ముందు 108కి ఫోను. పోలీసులకు 24 గంటల్లోగా చెప్పడం మోటారు వాహనాల చట్టం ప్రకారం నడిపినవారి బాధ్యత. ఒక్క కారుకే నష్టమైతే, దాన్ని పక్కకు తీయకముందే రెండు బండ్ల నంబర్లూ కనబడేలా ఫొటోలు తీసి, అదే రోజు ఇన్సూరెన్సు కంపెనీకి ఫోను చేసి క్లెయిము నంబరు రాసుకోండి. కింద నూనె కారుతుంటే మళ్ళీ స్టార్టు చేయకండి. అలా నడిపి ఇంజను పాడు చేసుకుంటే ఆ ఖర్చు కంపెనీ ఇవ్వదు. లాక్కుపోయినందుకు మామూలు పాలసీలో కారుకు రూ.1,500 దాకా ఇస్తారు, రసీదు అడిగి పుచ్చుకోండి.

ఈలోగా పెద్దమనుషులు చేరతారు. "ఎంతో కొంత ఇచ్చేయమ్మా, కేసులెందుకు" అంటారు. గీత పడిన బంపరు సంగతైతే సరే, మంచిమాటే. కానీ మనిషికి దెబ్బ తగిలిన చోట "తప్పు నాదే, ఇంత ఇస్తాను" అని కాగితం మీద సంతకం పెట్టకండి. కంపెనీ ఒప్పుకోకుండా అలా మాట ఇవ్వడం పాలసీ షరతుకే విరుద్ధం. రేపు ఆ భారమంతా మీ నెత్తినే పడవచ్చు.

అసలు మీ పాలసీ ఏమిటో చూశారా? చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ ఒక్కటే. అది ఎదుటివారి నష్టానికి. మీ కారు బాగుచేయించడానికి పైసా రాదు. దానికి ఓన్ డ్యామేజి కూడా కలిసిన పాలసీ ఉండాలి. ఈ సాయంత్రమే బీరువాలోంచి తీసి చూడండి.

అది ఉన్నా బిల్లంతా రాదు. పాత నగ మార్చుకున్నప్పుడు షావుకారు తరుగు తీసినట్టే వీళ్ళూ తీస్తారు. ప్లాస్టిక్, రబ్బరు సామానుకూ బ్యాటరీకీ సగం పోతుంది. అద్దాలకు తరుగు లేదు. ఇనుప భాగాలకు కారు వయసును బట్టి, అయిదేళ్ళు దాటితే నూటికి 40. పైగా చిన్న కారుకు రూ.1,000 మీరే పెట్టుకోవాలి. ఆరువేల బంపరు అనుకోండి. తరుగు మూడువేలు, మన వాటా వెయ్యి పోగా చేతికొచ్చేది రెండువేలు. ఆ రెండువేల కోసం క్లెయిము వేస్తే వచ్చే ఏడు నో క్లెయిం బోనస్ పోతుంది. ఆ బోనస్ మొదటి ఏడాదికి నూటికి 20తో మొదలై 50 దాకా పెరుగుతుంది. ఓన్ డ్యామేజి ప్రీమియం ఎనిమిదివేలు, బోనస్ 25 శాతం అయితే ఆ తగ్గింపూ రెండువేలే! మరి క్లెయిమెందుకు? చిన్న సొట్టలు ఊళ్ళో షెడ్డులోనే తీయించుకోవడం మేలని నా ఉద్దేశం.

పెద్ద దెబ్బయితే మాత్రం సర్వేయరు చూసేదాకా ఏదీ విప్పనివ్వకండి. మార్చిన పాత సామాను కూడా షెడ్డువాడు పారేయకుండా చూడండి. క్యాష్‌లెస్ షెడ్డు దగ్గర్లో ఎక్కడుందో ముందే కంపెనీని అడిగి ఉంచుకుంటే కారును అటూ ఇటూ తిప్పే పని తప్పుతుంది.

కారు ఆయన పేరున ఉంటే మీరు నడపకూడదేమోనన్న భయం వద్దు. నడిపేవారికి చెల్లే లైసెన్సు ఉంటే చాలు. పక్కింటి పిల్లవాడు సరదాగా నడిపి గుద్దాడా, లైసెన్సు లేకపోతే క్లెయిము వదులుకోవాల్సిందే. ఇక క్లెయిము ఫారం మీద సంతకం పాలసీదారుదే కావాలి. ఆయన అక్కణ్ణుంచి మెయిల్లో అధికార పత్రం పంపితే ఒప్పుకుంటారా, ఏ నమూనాలో కావాలి అని రెన్యూవల్ నాడే అడిగేయండి. డబ్బు పడే బ్యాంకు ఖాతా నడుస్తోందో లేదో కూడా చూసుకోండి.

సెకండ్ హ్యాండు కారు కొన్నవాళ్ళకు ఇంకో మాట. కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్సు కూడా మీ పేరుకు మార్చమని రాయాలి. థర్డ్ పార్టీ దానంతటదే మారుతుంది గానీ సొంత కారు నష్టం మారదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. పాతాయన బోనస్ కూడా మీకు రాదు. అది మనిషిది, కారుది కాదు.

క్లెయిము కాదన్నారా, కారణం రాతలో అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులో ఇన్సూరెన్సు ఆంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాదిలోగా రాయాలి. ఫిర్యాదు ఎక్కడ వేయాలో తెలియకపోతే 155255కి ఫోను చేయండి, అది ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థవారి ఉచిత నంబరు.