పైకి చెప్పని పాట

వేలంలో ధర చెప్పడాన్ని మనవాళ్లు ‘పాట’ అన్నారు. ఎవరు పెట్టారోగాని చక్కని పేరు. ‘వేలం’ అన్న మాట మాత్రం మనది కాదనీ, పోర్చుగీసువారి ఓడల్లో దిగిన సరుకనీ భాషావేత్తలు అంటారు. పోనివ్వండి, మాట వాళ్లది, పాట మనది. సరిగమలు రానివాడు కూడా నిర్భయంగా ఎత్తుకోగలిగిన పాట లోకంలో ఇదొక్కటే. నాబోటివాడు పాడినా జనం లేచిపోరు. పైగా మరొకడు అందుకుంటాడు!

ఈ వేలాల గొడవ నాకు పట్టడానికి కారణం మా మేనమామ. ఆయన ఇనప్పెట్టెలో 1841 నాటి కంపెనీ మొహరీ ఒకటుంది. ఒక వైపు విక్టోరియా రాణి తల, రెండో వైపు సింహమూ, తాటిచెట్టూ. మూడు తరాలుగా దీపావళినాడు లక్ష్మీపూజలో కూర్చోవడం తప్ప దానికి వేరే ఉద్యోగం లేదు. నిరుడు మామయ్య మనుమరాలికి కాలేజీలో సీటు వచ్చింది. ఫీజుకు డబ్బు తక్కువైంది. మొహరీని జేబులో వేసుకుని పట్నంలో నాణేలు వేలం వేసే ఒక కంపెనీకి వెళ్లాడు. వాళ్లు భూతద్దం పెట్టి చూసి, ఇంతనుంచి ఇంతవరకు పలకవచ్చునని అంచనా రాసి, “రిజర్వు ఎంత పెట్టమంటారు?” అన్నారట.

“రిజర్వంటే ఏమిట్రా అబ్బాయ్? ఎం.ఏ. చదివావు గదా, చెప్పు” అని అక్కడినుంచే ఫోను చేశాడు. నేను చదివింది తెలుగు ఎం.ఏ. అయినా మేనమామతో తెలియదని ఎలా అనడం? గడువడిగి, ఆ రాత్రి కూర్చుని చదువుకున్నాను.

చింతతోపు కాయకో, చెరువు చేపలకో వేలం జరిగినప్పుడు గుమాస్తా ముందుగా ‘సర్కారువారి పాట’ అని ఒక అంకె అరుస్తాడు. అంతకు తక్కువైతే ఇవ్వమని దాని అర్థం. అది ఊరందరికీ వినపడుతుంది. రిజర్వు ధర కూడా ఆ జాతిదే, కాని నోరు విప్పదు. అమ్మేవాడికీ, వేలం కంపెనీకీ తప్ప మూడోవాడికి తెలియదు. క్యాటలాగులో అచ్చు వేసేది అంచనా మాత్రమే. రిజర్వు మామూలుగా ఆ అంచనాలోని కింది అంకెను దాటకూడదు. పాట మొదలయ్యేది ఇంకా కిందనుంచి. కింద మొదలుపెడితేనే నలుగురూ నోరు విప్పుతారు. నలుగురు విప్పాక ఇద్దరికి పంతం పుడుతుంది. అమ్మేవాడు బతికేది ఆ పంతం మీదే.

మరి గదిలో పాడేవాడు ఒక్కడే ఉంటే? పడమటి దేశాల్లో వేలం వేసే పెద్దమనిషి రిజర్వు దగ్గరపడేవరకు అమ్మేవాడి తరపున తానే పాడుకుపోతాడు. గోడవైపో, పైన వేలాడే గాజుదీపంవైపో చూసి తల ఊపి పాట పెంచుతాడు గనుక దానికి ‘షాండ్లియర్ పాట’ అని పేరు. షరతుల్లో ముందే రాసి ఉంటే అది తప్పు కాదు. మన 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టంలో 64వ సెక్షనంతా ఈ గొడవే. అమ్మేవాడు తానూ పాడతానని ముందుగా చాటకుండా తానుగాని, తన మనిషిచేతగాని పాడిస్తే కొనేవాడు దాన్ని మోసంగా ఎంచవచ్చు. ఇంకొక మాట కూడా ఉంది. సుత్తి పడితేనే బేరం ఖాయం. పడేలోపల పాడినవాడు తన పాట వెనక్కి తీసుకోవచ్చు. నోరు జారినవాడికి ఆ రెండు క్షణాలే గతి.

వెళ్లలేనివాళ్లు తమ కడపటి ధర రాసి కంపెనీకి పంపుతారు. మీరు యాభై వేలని రాసినా, ఎదుటివాడు ముప్ఫై వేల దగ్గర ఆగితే, రిజర్వు దాటినంతవరకు దానిపై మెట్టుకే, అంటే ఏ ముప్ఫైరెండు వేలకో, నాణెం మీకు రావాలి. ఇద్దరు ఒకే అంకె రాస్తే ముందు అందినవాడిది. మన గుట్టు ఎదుటివాడి చేతిలో పెట్టడమా అని నాకొక పిరికి సందేహం ఉంది గాని, లోకం అలాగే నడుస్తోంది.

సుత్తి పడిన ధరతో లెక్క తీరదు. 1933లో అమెరికా అచ్చువేసి, వాడుకలోకి వదలకుండా కరిగించేసిన ఇరవై డాలర్ల బంగారు నాణేల్లో తప్పించుకున్నది ఒకటుంది. ఈజిప్టు రాజు ఫరూక్ సేకరణలోనిదని దానికి పేరు. 1996లో న్యూయార్కులో పట్టుబడి, కోర్టుకెక్కి, చివరకు రాజీ కుదిరి, 2002 జూలై 30న వేలానికి వచ్చింది. సుత్తి పడింది 66 లక్షల డాలర్ల దగ్గర. దానిమీద కొనేవాడు కంపెనీకి ఇచ్చుకునే ప్రీమియం నూటికి 15 చొప్పున 9 లక్షల 90 వేలు. ఆపైన మరో ఇరవై డాలర్లు! అదేమంటే, ఆ నాణెం ఏనాడూ చెలామణికి విడుదల కాలేదు గనుక, దాని ముఖవిలువ ఖజానాకు కడితేనే డబ్బవుతుందట. డెబ్బయి అయిదు లక్షల తొంభై వేలు ఇచ్చినవాడిచేత ఇరవై డాలర్లూ కట్టించుకున్న ఆ గుమాస్తాకు నమస్కారం. 2021లో అదే నాణెం మళ్లీ వచ్చి, ప్రీమియంతో కలిపి సుమారు కోటీ 89 లక్షల డాలర్లు పలికింది.

ఆ కోటీ 89 లక్షల ముక్క మామయ్యకు చెప్పడం నేను చేసిన తెలివితక్కువ పని. అంచనామీద సగం కలిపి రిజర్వు పెట్టమని కూర్చున్నాడు. “మా తాత ముట్టుకున్న మొహరీరా అది” అన్నాడు. కంపెనీవాళ్లు వద్దని చెప్పిచూసి, చివరకు సరేనన్నారు. పాట అంచనాలోని కింది అంకె దాటి, మరి రెండు మెట్లెక్కి ఆగిపోయింది. నిజానికి మంచి ధరే. రిజర్వు అందలేదు గనుక సుత్తి పడలేదు. మొహరీ తిరిగి ఇనప్పెట్టెలోకి వచ్చింది. ఫీజు గడువు మర్నాడే. అత్తయ్య చేతి గాజులు నాలుగూ కుదువకు వెళ్లాయి.

ఆపైన తెలిసింది మరొక చిక్కు. సేకరించేవాళ్లకు జ్ఞాపకశక్తి జాస్తి. ఒకసారి అమ్ముడుపోకుండా తిరిగి వెళ్లిన నాణెం త్వరగా మళ్లీ కనబడితే, ఇందులో ఏదో లోపముందని పెదవి విరుస్తారు. కనక కొంతకాలం ఆగమని కంపెనీవాళ్లే చెప్పారు.

మొన్న మామయ్య మళ్లీ ఫోను చేశాడు. “ఈసారి అంకె నువ్వే చెప్పరా” అన్నాడు. నేను నసుగుతుండగా అత్తయ్య ఫోను అందుకుంది.

“అంకెకేం నాయనా, వాళ్ల కమీషను పోను నా గాజులు విడిపించడానికెంత కావాలో అంతే రాయమను. అంతకు పైన వస్తే మీ మామయ్య తాతగారి దయ.”

అదే రాయించాం. వేలం వచ్చే నెలలో.