తొక్కితే ఎక్కిళ్లు!

ఆదివారం పొద్దున్నే నల్గొండ నుంచి శ్రీశైలం బయల్దేరిన పాత ఫియట్ కారును ఊహించుకోండి. స్టీరింగ్ ముందు రిటైరైన సారు, పక్కన ఆయన భార్య. వెనక సీట్లో కూతురు, ఇద్దరు మనవలు, పులిహోర డబ్బా. దేవరకొండ దాటి డిండి వైపు పోతుంటే ముందు ఒక లారీ అడ్డం వచ్చింది. ఎదురుగా రోడ్డు ఖాళీగానే ఉంది. సారు హారన్ కొట్టి, బండిని పక్కకు తీసి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కారు.

కారు ముందుకు దూకలేదు. 'గుక్... గుక్' మంటూ రెండు ఎక్కిళ్లు పెట్టి, ఊపిరి ఆగినట్టు అయిపోయి, ఆ తర్వాత ఒక్కసారిగా అందుకుంది. ఈ లోపల దూరంగా ఆర్టీసీ బస్సు కనిపించింది. సారు మళ్లీ లారీ వెనక్కే వచ్చేశారు. ప్రమాదమేమీ జరగలేదు. కానీ వెనక సీట్లో మాటలు ఆగిపోయాయి.

ఆగి ఉన్న బండికి ఈ జబ్బు కనిపించదు. నిదానంగా ఊళ్లో తిరిగితే పెద్దగా తెలియదు. సరిగ్గా అవసరమైన క్షణంలోనే చెయ్యిస్తుంది. అందుకే దీన్ని 'పాత బండి కదా, అంతే' అని వదిలేయకూడదు.

గాలి పరుగు, పెట్రోలు నడక

ఇంతకీ ఆ ఎక్కిళ్లు ఎందుకు? కార్బురేటర్ పని గాలిలో పెట్రోలును సరైన పాళ్లలో కలిపి ఇంజిన్‌కు పంపడం. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. యాక్సిలరేటర్ తొక్కగానే కార్బురేటర్ గొంతులో ఉండే బిళ్ల తెరుచుకుంటుంది. గాలి తేలిక కాబట్టి వెంటనే లోపలికి దూసుకుపోతుంది. పెట్రోలు బరువైనది, కదలడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఆ అర క్షణం ఇంజిన్‌కు గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. అదే ఎక్కిలి.

ఈ సందును పూడ్చడానికే సోలెక్స్ రకం కార్బురేటర్లలో చిన్న పంపు పెట్టారు. కాలు పెడల్ మీద పడగానే అది పిచికారీలా కాస్త పెట్రోలును గొంతులోకి చిమ్ముతుంది. లోపల ఉండేది ఒక పలచని డయాఫ్రం, చిన్న స్ప్రింగు, సన్నని జెట్టు. ఇంత చిన్న సరంజామా మీద ఇంటిల్లిపాది ప్రయాణం ఆధారపడి ఉంటుంది!

ఇది మన 1089 సీసీ ప్రీమియర్ పద్మినికి మాత్రమే వచ్చే జబ్బు కాదు. అమెరికాలో 'మజిల్ కార్లు' అని పిలుచుకునే భారీ కార్లదీ ఇదే బాధ. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓ ఇంజిన్ దాదాపు 6.4 లీటర్లు. కావాలన్నవారికి దాని మీద మూడు కార్బురేటర్లు బిగించి ఇచ్చేవారు. గొంతు ఎంత పెద్దదైతే గాలి అంత ఎక్కువగా దూకుతుంది, పంపు అంత చురుగ్గా ఉండాలి. అక్కడి ఆసాములు కూడా బానెట్ ఎత్తి ఈ పిచికారీనే చూసుకుంటారు.

అందరి చెయ్యీ స్క్రూ మీదే

కారు మెకానిక్ దగ్గరికి వెళ్లగానే ఏం జరుగుతుంది? "ఏం కాదు సార్, స్క్రూ జర తిప్పితే సెట్ అయితది" అంటాడు. తిప్పుతాడు. నిజంగానే ఎక్కిళ్లు తగ్గుతాయి. సారు సంతోషంగా ఇంటికి వెళ్తారు. వారం తిరిగేసరికి సైలెన్సర్ నుంచి నల్లపొగ, మైలేజీ సగం, ప్లగ్గుల నిండా మసి. పొల్యూషన్ పరీక్షలో బండి ఫెయిల్!

ఎందుకంటే అక్కడ జరిగింది వైద్యం కాదు, కప్పిపుచ్చడం. పంపు చిమ్మాల్సిన చుక్క పెట్రోలును చిమ్మడం లేదు. దానికి బదులుగా రోజంతా పెట్రోలు ఎక్కువ పోసి నెట్టుకొచ్చారు. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాసినట్టే.

వరస తెలిసిన పనివాడు స్క్రూను ఆఖర్న ముట్టుకుంటాడు. ముందు ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్ చూస్తాడు. కార్బురేటర్ మీద నింద పడే ఎన్నో జబ్బులు నిజానికి నిప్పురవ్వ దగ్గరే పుడతాయి. ప్లగ్గు రంగు చూస్తే సగం కథ తెలుస్తుంది. లేత గోధుమ రంగులో ఉంటే క్షేమం. తెల్లగా పాలిపోతే పెట్రోలు చాలడం లేదు. నల్లటి మసి పడితే ఎక్కువైంది.

తర్వాత కార్బురేటర్ కింద ఉండే ప్యాకింగ్. అది చీలినా, నట్లు అతిగా బిగించి అంచు వంగినా పక్కదారిన గాలి లోపలికి పోతుంది. ఇంజిన్ తిరుగుతుండగా ఆ అతుకు మీద రెండు చుక్కలు ఇంజినాయిలు వేస్తే చాలు. శబ్దం మారిందంటే గాలి అక్కడ దూరుతున్నట్టే. ఈ పరీక్షకు పెట్రోలు మాత్రం వాడొద్దు, మంటలు లేస్తాయి. అటుపైన ఫ్లోట్ చాంబర్. మన మెట్ట ప్రాంతపు రోడ్ల దుమ్ము, పాత ట్యాంకు తుప్పు చేరేది అక్కడికే. పెట్రోలు మట్టం తగ్గినా ఎక్కిళ్లే.

ఇప్పుడు పంపు. ఇంజిన్ ఆపి, చల్లారాక, ఎయిర్ ఫిల్టర్ తీసి, టార్చిలైటుతో గొంతులోకి చూస్తూ చేత్తో లివర్ లాగాలి. లాగిన వెంటనే సన్నటి పెట్రోలు ధార కనిపించాలి. ఆలస్యంగా వచ్చినా, చుక్కలుగా కారినా దొంగ దొరికినట్టే. డయాఫ్రం చినిగి ఉండొచ్చు, జెట్టు మూసుకుపోయి ఉండొచ్చు, లివర్ అరిగి ఉండొచ్చు. ఆ సమయంలో చుట్టుపక్కల బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. ఇంట్లో గుర్తించడానికి సులువైన దారి ఇంకొకటి ఉంది. పెడల్ నెమ్మదిగా తొక్కితే బండి సాఫీగా అందుకుంటూ, గబుక్కున తొక్కితేనే ఎక్కిళ్లు పెడుతుంటే మొదటి అనుమానం పంపు మీదే.

ఇవన్నీ అయ్యాకే మిక్స్చర్ స్క్రూ. ఇంజిన్ బాగా వేడెక్కాక, పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ఇంజిన్ హాయిగా, కాస్త వేగంగా తిరిగే చోట ఆపాలి. లోపలికి గట్టిగా బిగిస్తే దాని మొన పాడవుతుంది. ఒకసారి ఒక్కటే మార్చాలి. నాలుగూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి!

పెట్రోలే మారింది

ఈ మధ్య ఇంకో చిక్కు వచ్చింది. 2025 నాటికి మన బంకుల్లో పెట్రోలుకు 20 శాతం ఇథనాల్ కలిసింది. ఈ మిశ్రమం మండడానికి గ్రాముకు సుమారు 13.5 గ్రాముల గాలే సరిపోతుంది. పాత కార్బురేటర్ జెట్టుకు ఆ సంగతి తెలియదు, పాత లెక్కనే పెట్రోలు వదులుతుంది. అందుకే నిన్నటిదాకా అంచు మీద నడిచిన బండి ఇప్పుడు ఎక్కిళ్లు పెట్టొచ్చు. పైగా ఇథనాల్ పాత రబ్బరును పాడుచేస్తుంది, నీటిని పీల్చుకుంటుంది. వారాల తరబడి కదలని కారుకు డయాఫ్రం, పైపులు మార్చుకోవడం దండగ ఖర్చు కాదు.

కొత్త బండ్లకు ఈ గొడవ లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త మోటార్ సైకిళ్లలో కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. సెన్సర్లు గాలిని కొలిచి లెక్కపెట్టుకుంటాయి. దాంతో కార్బురేటర్ చెవితో విని చెయ్యి తిప్పే మేస్త్రీలు తగ్గిపోతున్నారు. నల్గొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా పాత షెడ్డులో అలాంటి మనిషి దొరికితే ఆయన అడిగిన కూలికి బేరమాడకండి. పక్కన ఒక కుర్రాడిని నిలబెట్టి నేర్పించమని అడగండి.

మళ్లీ మన సారు సంగతికి వద్దాం. అలాంటి మేస్త్రీ ఒకాయన గొంతులోకి టార్చి కొట్టి చూసి, "స్క్రూ జోలికి పోకుండ్రి సార్. పంపు పోయింది, గంతే" అంటాడు. డయాఫ్రం మారుస్తాడు. అంతటితో సారు వెంటనే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని బయల్దేరకూడదు. ముందు ఒక్కరే ఖాళీ రోడ్డు మీద పదిసార్లు తొక్కి చూసుకోవాలి. ఎందుకంటే శ్రీశైలం డ్యాం దాటి ఈగలపెంట వైపు ఎక్కే మలుపుల్లో, సెకండు గేరులో, వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నప్పుడు, కాలు తొక్కగానే బండి పలకాలి. ఆ ఒక్క క్షణం కోసమే ఇంత పని!